పితికిపప్పులో ఉప్పు

డిసెంబర్ 9, సోమవారం

ఈరోజు ప్రాక్టికల్స్‌లో నేనూ ఇందూ ఒకే టేబుల్. బెంగళూరు హోటల్ నుంచి ఇద్దరు వచ్చారు. మా క్యాటరింగ్ బ్యాచ్‌లో ఒక్కరినే ట్రైనింగ్‌కు తీసుకుంటారట. ఆ ఛాన్స్ ఇందూదే, గ్యారంటీ అనుకున్నాం. అనపగింజలు నానబెట్టి, పొట్టు పితికి అది చేసే పితికిపప్పు కూరంటే మా మదనపల్లె హాస్టలంతా పడిచస్తుంది.

కానీ దానికి మూడు రోజులుగా జలుబు. రుచి తెలీడంల్యా మే, నువ్వే సూసి చెప్పు, అంది. మా ఈశ్వరప్ప సార్ రూలు కూడా అదే. పార్ట్‌నర్ రుచి చూసి షీట్‌లో సంతకం పెట్టాకే గిన్నె బయటికి పోవాలి.

పెట్టాను.

కూర ఉప్పుకషాయం. హోటలాయన ఒక్క స్పూను తిని నీళ్ళు అడిగాడు. సార్ నా వైపు తిరిగేలోపే ఇందు, ప్రసన్న సూసినాక నేనే మళ్ళీ ఏసినాను సార్, అనేసింది. నేను తేలుకుట్టిన దొంగలా నిలబడ్డాను.

డిసెంబర్ 10

మా బ్యాచ్ హరీష్ సెలెక్ట్ అయ్యాడు.

డిసెంబర్ 12

ఇందు ఊరికి వెళ్ళిపోయింది. ఫోన్ స్విచాఫ్.

రాయకపోతే పిచ్చెక్కేట్టుంది. అది మళ్ళీ ఉప్పు వేయలేదు. నేనే రుచి చూడలేదు. స్పూను పెదాల దాకా తీసుకెళ్ళి, ఆపి, సరిపోయింది అన్నాను.

పుంగనూరులో మా ఇంట్లో పొలం పనికి వచ్చేవాళ్ళకు గ్లాసులు వేరు. కొట్టం చూరులో దోపి ఉంటాయి. ఇందు వాళ్ళమ్మ మారెమ్మ కూడా రామకుప్పంలో పొలం పనులకే పోతుంది. నేను ఇందు క్లిప్పులు పెట్టుకుంటాను, దాని దుప్పటి కప్పుకుంటాను. దాని చేతి వంట మాత్రం రెండేళ్ళలో ఒక్క ముద్ద తినలేదు. శనివారమనో, కడుపునొప్పనో ఏదో ఒకటి చెప్పేదాన్ని. ఛీ, నా బతుకు.

డిసెంబర్ 13

సార్‌కు చెప్పేశాను. ఆయన తిట్టలేదు. సోమవారమే చెప్పింటే ఆ పాపకు ఇంకో ఛాన్స్ అడిగేవాణ్ణి కదమ్మా, యాల చెప్పలేదు, అన్నారు. హరీష్ అప్పటికే ప్రయాణమయ్యాడు.

డిసెంబర్ 15, ఆదివారం

కుప్పం బస్సెక్కాను. పుంగనూరులో ఆగితే ఇంటికి దిగిపోదామనిపించింది. దిగలేదు. కుప్పం నుంచి ఆటోలో రామకుప్పం.

ఇందూతో అంతా చెప్పాను. ఏడ్చాను కూడా. అది ఏడవలేదు. తెలుసులే మే, స్పూను నోట్లో పెట్టుకోలేదు కదా, అప్పుడే సూసినాను, అంది. మరి అప్పుడే అడగొచ్చు కదే అన్నాను. అడిగితే నువ్వు ఇంక నా పక్కన నిలబడవనుకున్నాను, ఉప్పు సరిపోయుంటాదిలే అనుకున్నాను, అంది.

అంతలో మారెమ్మ అంగడికి పోయి కూల్‌డ్రింక్ బాటిల్ తెచ్చింది. మూత తియ్యలేదమ్మా, నువ్వే తీసుకో, అంది. నాకు తల కొట్టేసినట్టయింది. ఆకలేస్తోంది, సంగటి పెట్టమని అడిగాను. ఆమె నమ్మలేక ఇందు వైపు చూసింది.

డిసెంబర్ 16

నిన్న కడుపునిండా తిన్నాను. ఉప్పు సరిపోయింది.

ఇందు మాత్రం కడుపునొప్పని చెప్పి నాతో తినడానికి కూర్చోలేదు.