కొమ్ముచెంబు చప్పుడు

సల్త్ నుంచి

ప్రియమైన తమ్ముడు గస్సాన్‌కు,

పెద్దక్క సలాం. అల్లా దయవల్ల అమ్మా నేనూ బాగున్నాం. నీ ఓడ క్షేమంగా అకబా రేవు చేరాలని ప్రతి నమాజులో అడుగుతున్నాను. అమ్మ మోకాళ్ల సంగతి అడిగావు. మొదటి చలికి నొప్పి పెరిగింది, నోరు మాత్రం తగ్గలేదు. అంజూరాలు ఎండబెట్టి నీ వాటా దాచాను.

మన కుక్క బర్క్ ఇంకా గుర్రుమంటున్నాడా అని అడిగావు. అలా అయితే కొండమీది కాపర్లకు ఇచ్చెయ్యమన్నావు. మానేశాడని కిందటి ఉత్తరంలో రాశాను. ఇప్పుడు మళ్లీ మొదలుపెట్టాడు. కంగారుపడక చివరిదాకా చదువు.

నువ్వు వెళ్లాక, అజాన్ వినిపిస్తే చాలు, వాడు పళ్లు బయటపెట్టేవాడు. "నమాజంటే గిట్టదే వీడికి! షైతాను దూరాడే విసాల్!" అని అమ్మ ఒకటే గోల. నేనూ నమ్మాను. ఖురాన్ చదివి ఊదిన నీళ్లు చల్లాను. గుర్రుమన్నప్పుడల్లా కసిరి, మెట్లకింద కట్టేశాను. కొన్నాళ్లకు నోరు మూశాడు. దువా ఫలించిందనుకున్నాం.

పోయిన నెల వీధిలో గొట్టం పగిలి మన ట్యాంకు ఎండిపోయింది. తాగడానికే నీళ్లు లేవు. నమాజుకు ముందు కాళ్లూచేతులూ కడుక్కునే వుజూకు బదులు శుభ్రమైన మట్టిమీద అరచేతులు ఆనించి, ముఖమూ చేతులూ తుడుచుకుని నమాజు చేసుకున్నాం. ఆ రోజుల్లో బర్క్ అజాన్ వింటూ గడపలో కాళ్లు చాపుకుని పడుకున్నాడు.

"షైతాను కూడా నీళ్లకోసం లైన్లో నిలబడ్డాడేమో" అంది అమ్మ.

నీళ్లొచ్చిన సాయంత్రం వుజూకని ఇత్తడి కొమ్ముచెంబు తీశాను. మూత టంగుమంది. వాడి ఒళ్లు కొయ్యబారింది. తోక కడుపుకిందికి పోయింది. కళ్లలో తెల్లగుడ్డు కనిపించింది.

వాడికి గిట్టనిది నమాజు కాదు గస్సాన్, అజాన్ వినగానే నేను అందుకునే చెంబు. కుక్క తడిముట్టె తగిలితే ఏడుసార్లు కడుక్కోవాలి కదా. అందుకని దగ్గరికొచ్చినప్పుడల్లా ఆ చెంబుతోనే అదిలించేదాన్ని. ఒకటి రెండుసార్లు ముక్కుకి తగిలింది కూడా.

పశువైద్యురాలు సులాఫ్‌ను పిలిపించాను. ముందు చెవులు, పళ్లు, నడుము తడిమి, ఎక్కడా నొప్పి లేదని చూసుకుంది.

"గుర్రుమంటే తిట్టారా ఖాలా?" అంది నాతో.

"తిట్టక ముద్దు పెట్టుకుంటారటే?" అంది అమ్మ.

"అది వాడి హెచ్చరిక పెద్దమ్మా. నోరు మూయించారు గానీ భయం లోపలే ఉంది. ఇలాంటివాళ్లే చెప్పకుండా కరుస్తారు."

అమ్మా నేనూ మొహమొహాలు చూసుకున్నాం.

ఆ పిల్ల చెప్పినట్టే చేస్తున్నాను. నా వుజూ ప్లాస్టిక్ మగ్గుతో, తలుపు వేసుకుని. చెంబును విడిగా దూరాన నేలమీద పెడతాను. వాడు అటు చూస్తే కోడిమాంసం ముక్క. ఒళ్లు వదులు చేశాకే చెంబు మూరెడు ముందుకొస్తుంది. గుర్రుమంటే వాడిని ఏమీ అనను, చెంబునే వెనక్కి తీస్తాను. అందుకే వాడికి మళ్లీ గొంతు వచ్చింది.

ఇక దాచిన మాట. నా చేతికట్టు పొయ్యి దగ్గర కాలినందుకని రాశాను. కాదు. వాడు నోరు మూసిన వారంలోనే, చప్పుడు లేకుండా, చెంబు పట్టిన చెయ్యి కరిచాడు. సూదులన్నీ వేయించుకున్నాను, గాయం మానింది. నిజం రాస్తే పక్కింటాయన తుపాకీ అడగమంటావని భయపడ్డాను. కాపర్లకిచ్చినా ఏం లాభం? అక్కడ వాళ్ల పిల్లలున్నారు. మనింట్లో పుట్టిన భయం, మనింట్లోనే పోవాలి. నీ మాట ఇంతవరకు కాదనలేదు. దీనికి మాత్రం కాదంటున్నాను.

ఈదు పండక్కి వస్తావు కదా. గుమ్మం దాటగానే చెంబు అందుకోవడం నీ అలవాటు. అందుకోకు. వాడు గుర్రుమంటే ఆగి, వెనక్కి జరుగు. వాడిని దగ్గరికి రమ్మని పిలవకు, వాడే రావాలి.

ఇంతవరకు రాసేసరికి పొద్దుగుంకి మగ్రిబ్ అజాన్ అయింది. ఇవాళ మొదటిసారి వాడి ఎదుట చెంబు చేతిలోకి తీసుకున్నాను. మూత టంగుమంది. వాడు లేచాడు. నావైపు చూశాడు. మెల్లగా వెళ్లి తన గోనెపట్టామీద కూర్చున్నాడు.

"కూర్చోండి షేక్‌గారూ, కూర్చోండి" అంది అమ్మ.

ముక్క కూడా ఆవిడే వేసింది.

ఇట్లు,
ఈదుకు నీ దారి చూసే
పెద్దక్క విసాల్