చింతగింజల డబ్బాలో విజిల్

నాచారం,
9 నవంబరు 1970, సోమవారం.

ఇవాళ్టి పనులు: నీళ్లు పద్నాలుగు బిందెలు. ఉతికిన బట్టలు పదకొండు, అందులో ఆయన నల్ల చొక్కా, నల్ల నిక్కరు. కందిపప్పు చెరగడం. దిండ్లకు రెండు గలీబులు కుట్టడం. ఇత్తడి విజిల్ తోమడం.

ప్రేమగల హన్నక్కకు,

నీ చెల్లెలు రాహేలు వందనాలు. మేమిద్దరం క్షేమం. ఈ ఉత్తరం బావగారికి చదివి వినిపించకు. ఆయన పాస్టరు, ఆ చెవిన పడదగిన సంగతులు ఇందులో లేవు.

మరిది ఎందుకంత ముభావంగా ఉంటున్నాడని మూడేళ్లుగా అడుగుతున్నావు. ఒంట్లో బాగాలేదని రాస్తూ వచ్చాను. అది అబద్ధం. ఇవాళ నిజం రాస్తాను.

మేము నాచారం వచ్చిన కొత్తలో ఇక్కడ ఫుట్‌బాల్ అంటే ఎవరికీ తెలియదు. కబడ్డీ ఆడేవారు, గిల్లిదండ ఆడేవారు. ఆఫీసర్ల పిల్లలు క్రికెట్ ఆడితే జనం గోడ ఎక్కి చూసేవారు. లాలాగూడ రైల్వే కార్ఖానాలో ఫిట్టరుగా చేరిన మీ మరిది అక్కడే ఈ ఆట నేర్చుకొని, ఒక తోలు బంతిని సైకిల్ క్యారియరుకు కట్టుకొని ఇక్కడికి తెచ్చాడు. "చేతులుండంగ కాళ్లతోని ఆడుడేంది?" అని ఉప్పల్ పెద్దమనుషులు నవ్వారు. పదేళ్లు తిరగకముందే ఎనిమిది జట్లు తయారయ్యాయి. ఆదివారం సాయంత్రం బోడుప్పల్ నుంచి ఎడ్లబండ్లు కట్టుకొని వచ్చేవారు. ఆడేవాళ్లు చాలామంది ఉన్నారు, తీర్పు చెప్పేవాడు కావాలని ఆయన పరీక్ష రాసి రెఫరీ అయ్యాడు. రూల్సు పుస్తకం నేను చదివి వినిపించేదాన్ని. వంటింటి గచ్చు మీద చింతగింజలు ఒక జట్టు, అలసందలు ఒక జట్టుగా పేర్చి చూసుకునేవాళ్లం. మ్యాచి అయ్యాక రిపోర్టు ఆయన చెబితే నేను రాసేదాన్ని. ఈ ఆట ఆయనకు ఎంత వచ్చో నాకూ అంత వచ్చు అక్కా, కాలు ఒక్కటే కదపలేదు.

అరవై ఏడులో ఆ ఎనిమిది జట్ల లీగు ఫైనల్లో మల్లాపూర్ రేకుడబ్బాల కార్ఖానా జట్టు, ఉప్పల్ జట్టు ఆడాయి. చివర్లో డబ్బాల జట్టు గోలు కొట్టింది. కొట్టినవాడు బంతి రాకముందే ఉప్పల్ వాళ్ల వెనక వరస దాటిపోయి నిలబడ్డాడు. దాన్ని ఆఫ్‌సైడ్ అంటారు, ఆ గోలు చెల్లదు. ఈయన చెల్లదన్నాడు. డబ్బాల జట్టు సెక్రెటరీ అచ్యుతరావు గ్రౌండు మధ్యలోకి వచ్చాడు.

"నువ్వు రెఫరీవా, ఉప్పలోళ్ల జీతగానివా? ఒక్క బస్తా బియ్యానికి అమ్ముడుపోయినవ్ గదరా!"

అని చెంప మీద కొట్టాడు. మెడలో విజిల్ గుంజి నాలాలో పారేశాడు. రెండు వేల మంది జనం. కొందరు నవ్వారు. నవ్వినవాళ్లలో మా గల్లీ వాళ్లూ ఉన్నారు, వాళ్ల పేర్లు నాకు గుర్తున్నాయి.

మర్నాడు తెల్లవారగానే నేను జల్లెడ తీసుకొని మోకాలి లోతు మురుగులో దిగాను. గంట వెతికితే విజిల్ దొరికింది. సోడా వేసి కాచి, చింతగింజల డబ్బాలో అడుగున దాచాను. ఈయనకు చెప్పలేదు. నెలకోసారి చింతపండుతో తోముతాను. నల్లబట్టలు కూడా నెలకోసారి ఉతికి ఇస్త్రీ చేస్తాను. ఈయన మాత్రం ఆదివారం గ్రౌండు నుంచి కేకలు వినబడితే లేచి తలుపు గడియ పెడతాడు.

ఇంకొక మాట. పరలోక ప్రార్థనలో మనకు బాకీపడ్డ ఋణస్థులను క్షమించే మాట ఉంది కదా. మూడేళ్లుగా నేను అక్కడ నోరు మూసుకుంటున్నాను. నాకు దగ్గు వచ్చిందని పక్కన నిలబడ్డవాళ్లు అనుకునేటట్టు కొంగు అడ్డం పెట్టుకుంటాను.

ఈ నెల ఇరవై రెండున మళ్లీ ఆ రెండు జట్లకే ఫైనల్, డబ్బాల కార్ఖానా గ్రౌండులోనే. లీగు నిబంధనల్లో తొమ్మిదోది నా చేతిరాతలోనే ఉంది: గ్రౌండు ఎవరిదో వాళ్లే పరీక్ష పాసైన రెఫరీని తేవాలి, పెట్టిన వేళకు అరగంట దాటినా రెఫరీ లేకపోతే కప్పు ఎదుటి జట్టుది. ఈ వైపు పాసైనవాళ్లు ఇద్దరే. ఒకరు మీ మరిది. రెండోవాడు రైల్వే గుమాస్తా ఉమామహేశ్వర్. అతను ఆట నేర్చుకున్నది నా వంటింటి గచ్చు మీద.

మిగతాది నువ్వే ఊహించుకో.

నీ
రాహేలు


నాచారం,
21 నవంబరు 1970, శనివారం.

ఇవాళ్టి పనులు: ఇల్లంతా దులిపాను. నల్లబట్టలు మళ్లీ ఇస్త్రీ. ఒకరింటికి పోయి ఒక మాట తీసుకోవడం.

ప్రేమగల అక్కకు,

నీ జాబు అందింది. పగ దేవునికి వదిలెయ్యమన్నావు. మూడేళ్లు వదిలి చూశాను. ఈ మూడేళ్లలో అచ్యుతరావుకు రెండు ప్రమోషన్లు వచ్చాయి.

ఇవాళ ఉమామహేశ్వర్ ఇంటికి పోయాను. వాళ్లది రాజమండ్రి వైపు. భార్య సత్యవేణి కాఫీ ఇచ్చింది. నేను అడగవలసింది సూటిగానే అడిగాను. అతను గ్లాసు కింద పెట్టి, "మీరు చెబితే జ్వరమేమిటి వదినా, టైఫాయిడే తెచ్చుకుంటాను. ఆ రోజు మాస్టారు దెబ్బ తింటుంటే లైన్స్‌మన్‌గా గీత దగ్గర జెండా పట్టుకొని నిలబడ్డవాణ్ణి నేను. అడుగు కదపలేదు" అన్నాడు. సత్యవేణి, "దుప్పటి నేను కప్పుతాను, ఆయనకు నటన రాదు" అంది.

రేపు నాలుగింటికి ఆట. జ్వరం కబురు మూడున్నర దాటాక పోతుంది. సిటీ నుంచి ఇంకొకరిని తెచ్చే వ్యవధి ఉండదు. అచ్యుతరావు మా గుమ్మానికి రాక తప్పదు. గల్లీ అంతా చూస్తుండగా బతిమాలుతాడు. మీ మరిది రానంటాడు. నాలుగున్నర దాటుతుంది, కప్పు పోతుంది. కొట్టిన చెయ్యే కప్పును పోగొట్టుకున్నట్టు అవుతుంది. ఈయనకు ఇదేమీ తెలియదు. తెలిస్తే ఒప్పుకోడు.

ప్రార్థన చెయ్యమని నిన్ను అడగను. అడిగే మొహం లేదు.

నీ
రాహేలు


నాచారం,
29 నవంబరు 1970, ఆదివారం.

ఇవాళ్టి పనులు: ఆరాధనకు గుడికి పోయి రావడం. నీళ్లు తొమ్మిది బిందెలే, మిగతావి ఆయన మోశాడు. చింతగింజలు డబ్బాలో నుంచి తీసి గచ్చు మీద పరచడం.

ప్రేమగల హన్నక్కకు,

వారం ఆలస్యంగా రాస్తున్నాను. కోపం తగ్గాక రాద్దామనుకున్నాను.

పోయిన ఆదివారం నాలుగూ పదికి అచ్యుతరావు స్కూటరు మా గుమ్మం ముందు ఆగింది. ఈయన వాకిట్లో సైకిల్ చెయినుకు నూనె పెడుతున్నాడు.

"కృపానందం, జర రావాలె. ఉమామహేశ్వరుకు జరమొచ్చిందట."

ఈయన తలెత్తలేదు. నేను గడపలోకి వచ్చాను.

"ఎవరు కావాలె సార్? ఈడ బస్తా బియ్యానికి అమ్ముడుపోయినాయన ఒక్కడే ఉన్నడు."

"గదంత పాత ముచ్చట, అమ్మా. టైము లేదు."

"మాకు మూడేండ్ల సంది మస్తు టైమున్నది. కూసోండి, చాయ్ తాగుదురు."

గోడ అవతల నుంచి మరియమ్మ, "చక్కెర జర ఎక్కువెయ్యి రాహేలూ, సారు నోరు చేదైనట్టున్నది!" అంది. గల్లీలో ఆడవాళ్లు ఫక్కున నవ్వారు. ఆ రోజు గ్రౌండులో నవ్వినవాళ్లే వీళ్లూ. అచ్యుతరావు మొహం ఎర్రబడింది, గడియారం చూసుకున్నాడు. నాకు ఎంత తృప్తిగా ఉండిందో దాచను అక్కా. నాలుగూ పదిహేడు. ఇంకో పదమూడు నిమిషాలు అచ్యుతరావును అలాగే నిలబెడితే చాలు.

ఈయన గుడ్డతో చేతులు తుడుచుకున్నాడు. 'రాను' అనే మాట కోసం నేను కాచుకొని ఉన్నాను.

"రెండు జట్లు వచ్చినయా?" అని అడిగాడు.

"వచ్చినయ్. ఇరవై రెండు మంది నిలబడ్డరు."

ఈయన నా వైపు తిరిగాడు. "నా నల్లబట్టలు యాడున్నయే?"

పన్నెండు రోజులు పన్నిన పన్నాగం ఒక్క మాటతో కూలిపోయింది. "యాడికి పోతరు? గా చెయ్యి మర్సిపోయిన్రా?" అని అరిచాను.

"మర్వలే. గని ఆడేటోళ్లు నన్ను కొట్టలేదు గదా. పండుగ లెక్క ఎదురుచూసిన్రు. ఆటను ఎట్ల ఆపుత?"

బట్టలు తెచ్చి ఇచ్చాను. తర్వాత చింతగింజల డబ్బా బోర్లించాను. గింజల మధ్య నుంచి విజిల్ దొర్లి గచ్చు మీద పడింది. ఈయన దాన్ని చూసి చెయ్యి చాచాడు. నేను దాన్ని ఆయనకు ఇవ్వలేదు. అచ్యుతరావు చేతిలో పెట్టాను.

"మీరు గుంజుకున్నరు, మీరే ఇయ్యాలె సార్. ఈడ కాదు. గుంజుకున్న జాగల."

"గంత మంది ముంగటనా?"

"కొట్టింది గంత మంది ముంగటనే గదా. లేదంటే ఈ గడప నేను దాటనియ్య."

ఈయన చొక్కా గుండీలు పెట్టుకుంటున్నాడు. అచ్యుతరావు తల ఊపాడు.

గ్రౌండు మా ఇంటికి దగ్గరే. చెప్పులు విడిచి స్కూటరు వెనకే పరుగెత్తాను. నాలుగూ ఇరవై ఆరుకు గ్రౌండు నట్టనడుమ అచ్యుతరావు విజిల్ తాడు ఈయన మెడలో వేశాడు. ఈయన విజిల్ ఊదాడు. మూడేళ్ల తర్వాత విన్నాను అక్కా ఆ చప్పుడు. కానీ ఏడవలేదు, అమ్ముడుపోయాడన్న మాట ఇంకా వెనక్కి రాలేదు.

రెండు జట్లకూ చెరొక గోలు మీద ఆట నడిచింది. డబ్బాల జట్టు ఓడిపోవాలని గీత పక్కన కూర్చొని గొణుగుతూనే ఉన్నాను. ఆఖరి నిమిషాల్లో గోలు ముందర ఉప్పల్ డిఫెన్సువాడి చేతికి బంతి తగిలింది. తగిలింది కాదు, చేత్తో నెట్టాడు. ఈయన విజిల్ ఊది గోలు ఎదుటి చుక్క వైపు చెయ్యి చూపించాడు. పెనాల్టీ, అచ్యుతరావు జట్టుకు.

ఉప్పల్ వాళ్లు గోల చేశారు. "రెండో చెంప గూడ ఇస్తున్నవా, కృపానందం?" అని ఎవడో కేక వేశాడు. నా నోటికీ అదే మాట వచ్చింది. కానీ నేనూ చూశాను. చెయ్యే. రిపోర్టు నేను రాసినా అదే రాస్తాను. గోలు పడింది. డబ్బాల జట్టు గెలిచింది.

కప్పు బల్ల మీద ఉంది, మైకు పెట్టారు. అచ్యుతరావు కప్పు వైపు పోకుండా ఈయన దగ్గరకు వచ్చాడు. పక్కనే నేనున్నాను. తల వంచుకొని, "గా రోజు గది ఆఫ్‌సైడే" అన్నాడు. "నాకు గప్పుడే తెల్సు. బస్తా బియ్యం ముచ్చట నేను పుట్టించిందే."

"నాకూ తెల్సు" అన్నాడు ఈయన. అంతటితో పోనిచ్చేవాడే.

"మైకు ఆడున్నది సార్" అన్నాను నేను.

ఈయన నా మొహం చూశాడు, ఆపలేదు. అచ్యుతరావు నన్ను చూశాడు, కప్పును చూశాడు. తర్వాత పోయి మైకు పట్టుకొని అదే మాట చెప్పాడు. వెనక ఉన్నవాళ్లు "వినబడతలేదు" అంటే మళ్లీ చెప్పాడు. రెండోసారి బాగా వినబడింది.

ఇంటికి వచ్చి మేజోళ్లు విప్పుతూ ఈయన అడిగాడు: "ఉమామహేశ్వరు జరం తగ్గిందా?"

"తగ్గింది."

"ఇగ రానియ్యకు."

అంతే అన్నాడు. ఆ రాత్రి రిపోర్టు ఆయన చెబితే నేను రాశాను. వచ్చే ఆదివారం బోడుప్పల్‌లో మ్యాచికి ఆయనే రెఫరీ. ఇవాళ మధ్యాహ్నం ఉమామహేశ్వర్ ముగ్గురు కుర్రాళ్లను రెఫరీ పరీక్షకు చదువుకోవడానికి తీసుకొచ్చాడు. గచ్చు మీద గింజలు పరచుకొని కూర్చున్నారు. మళ్లీ ఇల్లు ఇల్లులా ఉంది.

పొద్దున గుడిలో ఆ మాట దగ్గర కొంగు అడ్డం పెట్టుకోలేదు. అందరితోపాటు పైకే అన్నాను. బాకీ చేతికొచ్చాక క్షమించడం ఎంత తేలికో! బావగారు దీన్ని క్షమించడం అనరు, వసూలు అంటారు. అననీ. ఈ ఉత్తరం చదివి వినిపించినా నాకు అభ్యంతరం లేదు.

నీ చెల్లెలు
రాహేలు

అచ్యుతరావు ఇవ్వవలసినవి: ఒక విజిల్, ఒక మాట. రెండూ ముట్టాయి. చెల్లు.