ఎర్ర పడుగు సీతాకోక

జూన్ 27, శుక్రవారం

ఆషాఢం వచ్చింది. పెళ్ళిళ్ళు లేవు, రవికలు లేవు. కుట్టుమిషను మీద దుమ్ము. ఈ గాలికి ధర్మవరం ఊరంతా దుమ్మే, నా మిషను ఒక లెక్కా.

మధ్యాహ్నం అనంతపురం నుంచి షాహీన్ సిస్టర్ ఫోను. పిల్లల వార్డులో పోయిన పిల్లల పేరున ఒక్కో సీతాకోకచిలుక చేసి వరండాలో కడతారట. తెలిసినవాళ్ళు పేరు రాయించి తోచింది ఇస్తారు. ఆ చందాతో తల్లులు పడుకోడానికి ఒక గది. ఇప్పుడు మెట్ల కిందే పడుకుంటున్నారు — నాకు తెలియదా? మా తమ్ముడి కూతురు చంద్రకళ జ్వరంతో లోపల ఉన్నన్ని రోజులూ నేనూ, వాళ్ళమ్మ నాగవేణీ ఆ మెట్ల కిందే కదా ఉన్నది.

"ఎవరన్నా చేసిస్తారేమో అడుగు అక్కా" అంటుంది సిస్టర్.

"ఎవుర్నో అడిగేదేంది? నేను లేనా?" అన్నాను. రవికలు కత్తిరించగా మిగిలిన పట్టు ముక్కలు మూటలకు మూటలు ఉన్నాయి. మా సీమలో కరువు వానకే, పట్టుకు కాదు.

చంద్రకళకూ ఒకటి కావాలి. అది వాళ్ళమ్మే చేయాలి, తన చేత్తో. నాగవేణి మొండిదైతే కానీ, నేను ఆడబిడ్డను. చేయిస్తాను.

జూన్ 28

మొదటిది గబ్బిలం. రెండోది మిరపకాయ బజ్జీ. మూడోది — చెప్పను. నాలుగోది సీతాకోక! రెండు ముక్కలు మడిచి, నడుమ జరీదారం బిగించి చుడితే ఒళ్ళు. అంతే. చెయ్యి దారిలో పడింది.

జూన్ 30, సోమవారం

తమ్ముడింటికి పోయాను. మగ్గం మీద తెల్లగుడ్డ అట్లాగే కప్పి ఉంది. దాని కింద ఎర్ర చీర, సగం నేసింది. చంద్రకళ పెద్దమనిషైన రోజు కట్టించాలని నాగవేణి తనే మగ్గం గుంతలో కూర్చుని మొదలుపెట్టింది. అంతలో ఆ జ్వరం... చీర అక్కడే ఆగింది. ఇది రెండో ఆషాఢం.

తమ్ముడు రామాంజి గొంతు తగ్గించి — "షావుకారి కొత్త పడుగు ఇస్తానంటాండాడక్కా. శ్రావణం వస్తాంది. ఇది కోస్తే గదా దాన్ని ఎక్కించేది." సొంత మగ్గం పెట్టుకుని వాడు ఇంకొకరి మగ్గం మీద కూలికి పోతున్నాడు పాపం.

తగ్గించినా వినపడింది. వంటింట్లోంచి నాగవేణి — "కొయ్యండి. దాంతోపాటు నన్నూ కొయ్యండి."

నేను సీతాకోకల సంగతి ఎత్తాను. పైనుంచి కిందికి చూసింది. "నీకేం పనిల్యా వదినా?"

"ల్యా. ఆషాఢం గదా" అన్నాను.

జూలై 3

రెక్కలు వాలిపోతున్నాయి. బియ్యం గంజి కాచి, పలచగా పట్టించి, చాప మీద ఆరబెట్టాను. బిగుసుకుని నిలబడ్డాయి. నేతగాడి కూతురికి ఒకరు చెప్పాలా గంజి సంగతి! అట్టపెట్టెలో వరుసగా పేర్చి బల్ల కింద పెట్టాను.

జూలై 6

ఎంత బాగున్నాయో. నా చేతులకు నేనే దిష్టి తీసుకోవాలి.

జూలై 9, బుధవారం

దిష్టి తగలనే తగిలింది. పెట్టె తెరిస్తే చీమలు బారులు. రెక్కలన్నీ బొద్దింకలు కొరికి జల్లెడ చేసి పెట్టాయి. వారం పని... తల మీద చేతులు పెట్టుకుని కూర్చున్నాను.

సరిగ్గా అప్పుడే రావాలా నాగవేణి, చేట అడగడానికి? పెట్టెలోకి తొంగి చూసింది. ఒక రెక్క తీసి వెలుతురుకు పెట్టింది. చూసి — నవ్వింది.

"రెక్కలు చేసినావా వదినా, బొద్దింకలకి అన్నం పెట్టినావా?"

ఆగదే! కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, కళ్ళనీళ్ళు వచ్చేదాకా నవ్వింది. నాకు ఒళ్ళు మండింది. తర్వాత తట్టింది — ఈ నవ్వు నేను విని ఎన్నాళ్ళయింది? చంద్రకళ పోయాక ఇదే. కొరికితే కొరికాయి వెధవ బొద్దింకలు, అన్నీ కొరకనీ.

నవ్వు అయ్యాక చాప మీద కూర్చుంది. "చీరకైతే గంజి పెడ్తాం. తెల్లారితే షావుకారింటికి పోతాది. గంజి మన ఇంట్లో యానాడన్నా నిలవుండిందా? ఇయ్యి డబ్బాలో పడుండేటివి. తుమ్మబంక పెట్టల్ల."

నిజమే. పుట్టినప్పటినుంచి గంజి వాసన పీలుస్తున్నాం, పాతబడిన గంజి ఎట్లా ఉంటుందో మా ఇళ్ళలో ఎవరూ చూడలేదు.

చేట మరిచిపోయి పోయింది.

జూలై 10

చేట కోసం మళ్ళీ వచ్చింది. పొద్దు వాలేదాకా కూర్చుంది.

జూలై 14, సోమవారం

రోజూ వస్తోంది. తుమ్మబంక నానబెట్టడం, వడగట్టడం, దూదితో అద్దడం అంతా తనే. నావి రెండయ్యేసరికి తనవి నాలుగు. మూతి ముడుచుకోను — మంచి చెయ్యి మంచి చెయ్యే.

సిస్టర్ పంపిన పేర్లు ఫోనులో చూసి పైకి చదవబోయాను. "చదవొద్దు వదినా. చెయ్యనీ" అంది. నోరు మూసుకున్నాను. నేను!

జూలై 16

ఎక్కువసేపు మూయలేకపోయాను. "మరి మన చంద్రకళకు?" అనేశాను.

సూది చాపలో గుచ్చింది. లేచింది. పోయింది.

ఛీ, నా నోరు పడ. అయినా వస్తుంది. ఆ సూది తీయను, అక్కడే ఉండనీ.

జూలై 18

రాలేదు. రామాంజి వచ్చాడు. "ఏమన్నావక్కా దాన్ని? తిండి లేదు, మాట లేదు. మగ్గం మీద గుడ్డ తీసి అట్లే చూస్తా కూర్చోనుండాది. నాకు బయమైతాంది." షావుకారి మాట కూడా చెప్పాడు — శ్రావణం లోపల మగ్గం ఖాళీ కాకపోతే పడుగు వేరేవాళ్ళకు ఇచ్చేస్తాడట.

"గమ్మునుండు. అంతా సరిపోతాది" అన్నాను. గట్టిగానే అన్నాను. వాడు పోయాక చాపలో ఆ సూది ఉందో లేదో రెండుసార్లు చూసుకున్నాను.

జూలై 20, ఆదివారం

పొద్దున్నే వాకిట్లో నాగవేణి. తలంటుకుంది. జుట్టు ఇంకా తడిగా ఉంది.

"నీ కత్తెర ఇయ్యి వదినా. మా ఇంట్లోది మొండిది."

కత్తెర నేనే పట్టుకుని వెంట నడిచాను.

గుంతలోకి దిగి కూర్చుంది. నేసిన చీర మీద అరచేత్తో ఒకసారి రాసింది. "చంద్రీ..." అంది, అంతే. కోసింది. పట్టు కోస్తుంటే వచ్చే ఆ చప్పుడు రోజూ నా దుకాణంలో వినేదే. ఇవాళ వినలేకపోయాను. ఏడ్చాను, గట్టిగానే ఏడ్చాను. రామాంజి గోడ వైపు తిరిగి నిలబడ్డాడు. ఆమె మాత్రం ఏడవలేదు.

మగ్గంలో మిగిలిన ఎర్ర పోగుల్ని దువ్వి, జానెడు పొడుగున ముడులు వేసి వదిలింది. "ఇయ్యి పీకొద్దండి. ఈటికే కొత్తయి అతకల్ల. దీని చెయ్యి పట్టుకునే కొత్తది లోపలికి రావల్ల."

ఏ మగ్గం మీదైనా చేసేది ఇదే. పాత పోగు చివరకే కొత్త పోగు మెలితిప్పుతారు. చిన్నప్పటినుంచి చూస్తున్నాను, ఇవాళే చూసినట్టుంది.

కోసిన గుడ్డలోంచి సీతాకోక చేసింది, నా చాప మీద కూర్చుని, ఆ గుచ్చిన సూదితోనే. ఒక రెక్కకు జరీ అంచు పడింది, రెండోదానికి లేదు. "ఇంకో ముక్క తీద్దాం, రెండూ జోడు కలుస్తాయి" అన్నాను. రవికలు కుట్టేదాన్ని, చేతులు ఊరుకోవు.

"ఉండనీ వదినా. నేను నేసింది అంతవరకే."

జూలై 22, మంగళవారం

అనంతపురం. పెట్టె ఒళ్ళో పెట్టుకుని పోయాను. నాగవేణి రాలేదు. ఎర్రదాన్ని చేతిరుమాలులో చుట్టి ఇచ్చింది. పేరు చీటీ మీద ఏమీ లేదు. "పేరు నేను రాస్తా. నేనొచ్చినప్పుడు." ఎప్పుడు? అడగలేదు.

వరండా నిండా కట్టాం. ఆషాఢం గాలి ఊపుతుంటే అన్నీ ఒక్కసారి లేచాయి. ఒక్క రెక్కా వాలలేదు, తుమ్మబంకా మజాకానా! సిస్టర్ నా చెయ్యి పట్టుకుని వరండా ఆ చివరినుంచి ఈ చివరిదాకా నడిపించింది. గది పని వచ్చే నెలలోనే మొదలుపెడతారట.

బిడ్డను ఎత్తుకుని నిలబడిన ఒక తల్లి — "ఆ ఎర్రది ఎవరిదమ్మా? పేరు లేదే."

"మా ఇంటి పిల్లది. వాళ్ళమ్మ వచ్చి రాస్తాది" అన్నాను. ఎంత ధైర్యంగా అన్నానో.

జూలై 25, శుక్రవారం

శ్రావణం మొదటిరోజు. మగ్గం మీదికి కొత్త పడుగు వచ్చింది, చిలకపచ్చ. నాగవేణి పసుపు కుంకుమ పెట్టి కూర్చుంది. పట్టు జారకుండా వేళ్ళకు బూడిద అద్దుకుని ఎర్ర పోగుకు పచ్చ పోగు, ఎర్ర పోగుకు పచ్చ పోగు... మెలితిప్పుతూనే ఉంది. రామాంజి అటు చివర పోగులు అందిస్తున్నాడు. ఇల్లు మునుపటి ఇల్లులా ఉంది. నేను ఊరికే గడపలో కూర్చున్నాను.

తల ఎత్తకుండా అంది — "వదినా, అనంతపురానికి పొద్దున బస్సు ఎన్నింటికి?"

"ఏడుకి."

ఊఁ అంది. మళ్ళీ పోగుల్లో పడింది. ఏ రోజు అని చెప్పలేదు. నాలుక చివరిదాకా వచ్చింది — రేపేనా? నేనూ రావాలా? మింగేశాను. మీటరు గుడ్డ మింగినట్టు ఉంది.

ఇంటికొచ్చి సంచిలో పెన్ను పెట్టాను. రాస్తుందా అని గోడమీద గీసి చూశాను, రాస్తుంది. ఇంకోటి కూడా పెట్టాను.

రేపు అనంతపురంలో నాకు పనేమీ లేదు. ఏడింటికి బస్టాండులో నిలబడతాను. రాకపోతే ఎల్లుండి —