మార్పు లేదు

ప్రియమైన చిట్టికి,

నీ ఉత్తరం అందింది. ఫోనులో అత్తయ్యకు మాట వినపడదు కాబట్టి, పక్కన కూర్చుని చెవి దగ్గర గట్టిగా చదివాను. ఇన్నేళ్లు వార్డులో నర్సుగా నిలబడ్డ నువ్వు, కంప్యూటర్ కోర్సు చదివి అదే ఆసుపత్రిలో ఆ విభాగానికి మారావంటే ఆవిడకు సగమే బోధపడింది. "అయితే ఇక కూర్చునే ఉద్యోగమన్నమాట. కాళ్ల వాపులు తగ్గుతాయి" అంది.

నర్సుకు కంప్యూటర్‌తో పనేమిటని మీ అన్నయ్య అడిగారు. నర్సులు కాగితం మీద రాసేదంతా ఇకపై తెర మీద రాస్తారట, ఆ తెర ఎలా ఉండాలో మీ చెల్లెలు చెబుతుందట అన్నాను. "అది చెబితే వినేవాళ్లు కూడా ఉన్నారా" అన్నారు. వినాలని నా కోరిక.

వంటింట్లో డబ్బాలన్నిటికీ కొత్తగా పేర్లు అంటించాను. మిగతావన్నీ మామూలే. అత్తయ్యకు మతిమరుపు మందులు వేళకే ఇస్తున్నాను. అత్తయ్య పరిస్థితిలో మార్పు లేదు.

ప్రేమతో,
మీ వదిన

*

ప్రియమైన వదినకు,

అన్నయ్యకు చెప్పు, వింటున్నారు. కాకపోతే ఇంజనీర్లకు నేను నర్సుని, నర్సులకు ఇంజనీర్ని. రెంటికీ చెడ్డ రేవడిలా ఉంది నా బతుకు. మంచం వదిలి మౌసు పట్టిందని వార్డులో నవ్వుకుంటున్నారు.

రౌండు వెళ్లిన ప్రతిసారీ ఒక్కో రోగికి బోలెడు గడులు నింపాలి. మా పెద్ద సిస్టర్ నన్ను నిలదీసింది. "రోగిని చూడమంటావా, నీ గడులు చూడమంటావా?" అంది. అందుకని ఒక ఉపాయం చేశాను. పేజీ తెరవగానే రోగి పరిస్థితి అన్న గడిలో 'మార్పు లేదు' అని ముందే ఉంటుంది. మారితేనే నర్సు దాన్ని మార్చాలి. అందరూ నా కడుపు చల్లగా ఉండాలన్నారు. ఆ 'మార్పు లేదు' ఎక్కడిదో తెలుసా? నీ ఉత్తరాల్లోదే. అది చదివితే చాలు, నాకు గుండె కుదుటపడుతుంది.

పరీక్ష ఒకటుంది. అది గట్టెక్కితే ఈ ఉద్యోగం ఖాయం. అప్పటిదాకా సెలవు దొరకదు. అమ్మను అడిగానని చెప్పు.

నీ చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

నీ మాట అత్తయ్యకు చెప్పాను. ఆవిడ గదిలో ఉన్న నీ ఫొటోను హాల్లోకి మార్చాను, ఇక్కడ వెలుతురు బాగుంది. మీ అన్నయ్య వీధి తలుపుకు పైన ఇంకో గడియ పెట్టించారు.

ఇంటి సంగతులు మనసులో పెట్టుకోకుండా చదువుకో. అత్తయ్య పరిస్థితిలో మార్పు లేదు.

ప్రేమతో,
మీ వదిన

*

వదినా,

ఇన్నాళ్లు రాయలేకపోయాను. పరీక్ష పాసయ్యాను. ఆ సంగతి చెప్పుకునే మొహం లేదు.

మా పాత వార్డులో ఒక పెద్దాయన పోయాడు. పొద్దుట్నించీ ఊపిరి తేడాగా ఉందని నర్సు గమనించింది, ఎవరితోనో నోటిమాటగా అంది కూడా. ఈలోగా పక్క మంచం వాళ్లు పిలిచారు. హడావుడిలో గడి ముట్టుకోకుండా పేజీ మూసేసింది. తర్వాత రౌండులో ఇంకో నర్సూ అంతే. డాక్టర్ తెర చూశాడు. ప్రతి రౌండుకీ 'మార్పు లేదు'. ముందు మిగతావాళ్లను చూడటానికి వెళ్లాడు.

విచారణలో పెద్ద సిస్టర్ నన్ను తిట్టలేదు. "మేం చూడకముందే నువ్వు రాసిపెట్టావు తల్లీ" అంది, అంతే. ఆ గడిని ఖాళీ చేశారు. నన్ను ఉండమనే అంటున్నారు. కానీ ఆ తెర నేను మళ్లీ తెరవలేదు.

ఇవాళ నీ ఉత్తరాలన్నీ ముందేసుకుని చదివాను. ప్రతిదాంట్లోనూ చివర అదే మాట, అదే చోట. ఒక్క అక్షరం తేడా లేదు.

ఒక్కటి అడుగుతాను, నిజం చెప్పు. అది అమ్మను చూసి రాసిందా, ముందే ఉన్నదా?

చిట్టి

*

ప్రియమైన చిట్టికి,

ముందే ఉన్నది.

మొదట్లో చూసే రాశాను, అప్పటికి అది నిజం. ఆ తర్వాత నీ పరీక్ష కోసం రాశాను. ఇంటికి వెళ్లిపోతానంటూ అత్తయ్య వీధిలోకి నడిచి వెళ్తోందని తలుపుకు గడియ పెట్టించాం. నీ ఫొటో చూపించి ఈ పిల్ల ఎవరని భయపడుతుంటే హాల్లోకి మార్చాను. వెలుతురు కోసం కాదు. చెప్పేద్దామని మీ అన్నయ్య అన్నారు. చెబితే నువ్వు చదువు మానుకుని వచ్చేస్తావని నేనే ఆపాను.

ఏ డబ్బాలో ఏముందో మూత తీయకుండా చెప్పగలనని నాకు గర్వం. అత్తయ్య విషయంలోనూ మూత తీయలేదు.

నువ్వు ఎప్పుడొచ్చినా నిన్ను గుర్తుపట్టదు. గుర్తుపట్టే రోజులు నేను దాచిన నెలల్లోనే అయిపోయాయి. మొహం మరిచిపోయినా పేరు మాత్రం చాలాకాలం ఉంది. అన్నం పెట్టేటప్పుడు నన్ను చిట్టీ అని పిలిచేది. నేను పలికేదాన్ని. నువ్వొచ్చాక ఆ పిలుపు నీకు అప్పగించాలని కాచుకుని ఉన్నాను.

ఇది ఇప్పుడే ఆవిడ పక్కన కూర్చుని, చూసి రాస్తున్నాను. నిన్నటి నుంచి నన్ను కూడా అలా పిలవడం లేదు.

మీ వదిన