పలకలు చూసే లైటు

బావా,

అక్క ద్వారా చెప్పిస్తే సగమే చేరుతుందని రాస్తున్నాను. చివరిదాకా చదివాకే చింపు.

నువ్వు మన వడ్రంగి కార్ఖానా వదిలి ఐదు నెలలైంది. మేస్త్రీ నీ బల్ల దగ్గర ఇంకెవరినీ నిలబెట్టలేదు. నీ చిత్రిక బ్లేడుకు తుప్పు పట్టకుండా ప్రతి శనివారం ఆయనే నూనె రాస్తున్నాడు. ఎందుకని అడిగితే, "కోపం మనిషిది. ఇనుమేం చేసింది?" అన్నాడు.

నువ్వు వెళ్ళిపోయిన రోజు ఆయన చెక్క పలకల్లో పురుగు కన్నాలు వెతికే లైటు తెచ్చి, ఆస్పత్రి నర్సు నేర్పినట్టు పొగాకు పెట్టుకునే మనందరినీ వరసగా నోరు తెరవమన్నాడు. నీ వంతు వచ్చేసరికి, "నేనేమన్నా సంతలో గుర్రాన్నా, పళ్ళు చూసి కొనడానికి?" అన్నావు. అందరూ నవ్వారు. ఆయన నవ్వలేదు. "గుర్రమైతే ఈపాటికి తెరిచేది. పుండు వచ్చి నెల దాటిందట కదా, చూపించు" అన్నాడు. నువ్వు చొక్కా భుజాన వేసుకుని వెళ్ళిపోయావు.

పుండు సంగతి ఆయనకెలా తెలిసిందని అక్కని నిలదీశావట. ఆయనకు చెప్పింది నేను. నువ్వు కారం మానేసి చప్పిడి తింటున్నావని అక్క నాతో అంటే, నీకు నేరుగా చెప్పే ధైర్యం లేక ఆయన చెవిన వేశాను. తిట్లు ఆయన తిన్నాడు. ఇప్పటికీ నా పేరు బయటపెట్టలేదు.

తర్వాతి నెల నా నోట్లో, ఎడమ చెంప లోపల, తెల్లటి మచ్చ చూశాడు. నేను పొగాకు పెట్టుకునే చోటే. నొప్పి లేదు, దురద లేదు. "కన్నం కనబడితే పలక చివర కోసేస్తాం. చూడకపోతే పలకంతా పోతుంది" అని మర్నాడు పని ఆపి మరీ ఆస్పత్రికి తీసుకెళ్ళాడు. ముక్క తీసి పరీక్ష చేశారు. ఇంకా క్యాన్సరు కాలేదని, వదిలేస్తే అయ్యేదేమోనని డాక్టరు అన్నాడు. మచ్చ తీసేశారు. పొగాకు మానేశాను. మొదటి వారమంతా ఇంట్లో ఉప్పు డబ్బా మీద కూడా అరిచాను. నోరు ఊరుకోవడం లేదని మేస్త్రీతో అంటే, "మేకులు పెట్టుకో, మింగకు" అన్నాడు. ఇందులో ఆయనకు ఒరిగేదేముంది బావా?

సోమవారం కొత్తవాళ్ళిద్దరినీ ఆస్పత్రికి తీసుకెళ్తున్నాడు. నువ్వూ రా. పుండు మానిందో లేదో అక్క చెప్పడం లేదు. నా మీద కోపం నీ నోటి మీద చూపించకు.

నీ బామ్మర్ది

*

బామ్మర్దీ,

ఆ పని నీదేనని నాకు ఆ రోజే తెలుసు. మేస్త్రీ పుండు మాట ఎత్తగానే, ఆగిపోయిన రంపం వైపు అంత శ్రద్ధగా చూసింది నువ్వొక్కడివే. మీ అక్కని అడిగింది రూఢి చేసుకోవడానికే.

నాకు కోపం వచ్చింది మీ ఇద్దరి మీదా కాదు, నా మీదే. ఎవరూ దాని పేరెత్తకపోతే పుండు లేనట్టేనని నెలరోజులు గడిపాను. ఆయన పదిమందిలో పేరెత్తాడు.

వెళ్ళిన వారానికే ఆస్పత్రిలో చూపించుకున్నాను. ముక్క తీసి చూశారు. విరిగిన పన్ను గీరుకుని అయిన పుండు. పన్ను సరిచేశాక మానింది. అయినా పొగాకు నోరు కాబట్టి ఆర్నెల్లకోసారి రమ్మన్నారు. పొగాకు మానడంలో రెండుసార్లు జారాను. ఈసారి నలభై రోజులైంది. మీ అక్కని చెప్పొద్దన్నది నేనే. ఆయన మాట విని బాగుపడ్డానని ఒప్పుకోవడానికి ఇన్నాళ్ళు పట్టింది.

ఇప్పుడు నేను పనిచేసే కార్ఖానాలో నేనూ ఒక లైటు పెట్టాను. నన్ను గుర్రాల డాక్టరంటున్నారు. నిన్న ఒకడు సకిలించి మరీ నోరు తెరిచాడు.

ఒక్కటి ఆలోచించు. అందరి నోళ్ళూ ఆయన చూస్తాడు. ఆయన నోరు ఎవరు చూశారు? మనకు పొగాకు అలవాటైంది ఆయన డబ్బాలోంచే కదా. ఆయన మానేసి ఎన్నేళ్ళయినా నోరు అదే.

సోమవారం పొద్దున్నే వస్తాను. ఆస్పత్రికి బయల్దేరేముందు ఆయన్ని నా బల్ల మీద కూర్చోబెట్టు. లైటు నేను తెస్తాను. "నేనేమన్నా గుర్రాన్నా?" అంటాడు. నువ్వు మాత్రం నవ్వకు.

నీ బావ