పదో తరగతి బి సెక్షన్ హాజరు పట్టీ

తెనాలి,
9 సెప్టెంబరు 2005.

చిరంజీవి సుల్తానాకు,

ఉత్తరం మొదట్లో ఆశీస్సులు రాయడం మర్యాద కనుక రాయిస్తున్నాను. నువ్వూ, నీ భర్తా, పిల్లలూ బాపట్లలో కులాసాగా ఉండాలి. ఇక్కడ మేము క్షేమం. నీ వ్యాసం వినక ముందు ఇంకా క్షేమంగా ఉన్నాం. నా ఎడమ కంటికి శుక్లం ఆపరేషను చేసి, కొన్నాళ్ళు చదవడం రాయడం వద్దన్నారు. అందుచేత ఈ అక్షరాలు మా ఇంటావిడ మంగతాయారువి. కోపం మాత్రం అచ్చంగా నాది.

మన హైస్కూలు స్వర్ణోత్సవ సంచిక ప్రూఫులు హెడ్మాస్టరు నాగార్జున మా ఇంటికి పంపాడు. పాత లెక్కల మాస్టారిని కదా, తప్పులుంటే చెప్పమన్నాడు. మంగతాయారు చదువుతుంటే విన్నాను. అందులో 'మన బడి, నా గురువు' అని నాలుగు పేజీలు నీవి. కాలేజీ లెక్చరరువు అయ్యావు, రాసే ముందు ఎవరినైనా ఒక మాట అడగాలని తోచలేదా?

బడి బియ్యం మిల్లు గోడౌనులో పుట్టిందని రాశావు. కాదు, పొగాకు గోడౌనులో. మొదటి రెండేళ్ళూ పిల్లలు పాఠాల కంటే తుమ్ములే ఎక్కువ నేర్చారని మా సీనియర్లు చెప్పేవారు. డెబ్భై ఏడు తుఫానుకు 'పైకప్పు కొంచెం దెబ్బతిన్నది' అన్నావు. కొంచెమా? మూడు షెడ్ల రేకులు లేచిపోయి రైలు కట్ట అవతల పడ్డాయి. రేపల్లె వైపు నుంచి వచ్చిన జనం నెలన్నర మన తరగతి గదుల్లోనే వండుకు తిన్నారు. మేము వరండాలో రెండు షిఫ్టులుగా పాఠాలు చెప్పాం. ఆ పొయ్యిల మసి నువ్వు చదివే నాటికి కూడా గోడల మీద ఉంది, నీ కంటికి ఆనలేదు. గేటు దగ్గర రేగుపళ్ళమ్మే అంకమ్మకు అర పేజీ ఇచ్చి, బడికి స్థలమిచ్చిన పెద్దమనిషికి అర వాక్యం విదిలించావు. పోనీ, ఇవన్నీ క్షమిస్తాను. తిన్నది గుర్తున్నట్టు విన్నది గుర్తుండదు.

క్షమించలేనిది మూడో పేజీ. మీ అమ్మ జానీ బీ టైఫాయిడుతో మంచం పట్టిందనీ, మీ నాన్న కాలేషా దర్జీ కొట్టులో పండగ బట్టలకు కాజాలు కుడుతూ నువ్వు పదో తరగతిలో దాదాపు మూడు నెలలు బడికి రాలేదనీ రాశావు. హాజరు చాలక హాల్‌టికెట్టు రాదని నువ్వు బెంగపడుతుంటే, క్లాసు టీచరునైన నేను దయతలచి, రాని రోజులకు కూడా హాజరు వేసి పరీక్షకు కూర్చోబెట్టానట. పైగా నేను దేవుణ్ణట. అమ్మా, ఆ దేవుడెవరో నేనెరగను. ముప్పై నాలుగేళ్ళ సర్వీసులో ఒక్క దొంగ హాజరు వేయలేదు. నా రిజిస్టరు కూడికల్లో ఏ ఇన్‌స్పెక్షనులోనూ ఒక్క తప్పు దొరకలేదు. నువ్వు పొగడ్త అనుకుని రాసినదాన్ని ఫోర్జరీ అంటారు.

మనసాగక పోయిన శుక్రవారం కంటికి నల్లద్దాలు పెట్టుకుని బడికి వెళ్ళాను. అటెండరు వీరాస్వామి చేత రికార్డుల బీరువా తీయించి, ఎనభై మూడు, ఎనభై నాలుగు సంవత్సరం పదో తరగతి బి సెక్షన్ హాజరు పట్టీ దులిపించాను. వాడే చదివి వినిపించాడు. రెండు వందల పన్నెండు పనిదినాలకు నీ హాజరు నూట అరవై ఎనిమిది. ఏడాది మొత్తం మీద పోయినవే నలభై నాలుగు రోజులైతే, మూడు నెలలు ఎక్కడి నుంచి తెచ్చావు? యాభై ఎనిమిది మందిలో ఎవరు ఏ రోజు రాలేదో ఇరవై రెండేళ్ళ తర్వాత నా బుర్రలో ఉండదు. అందుకే రిజిస్టరు పెట్టారు. అది అబద్ధమాడదు. ఆడినదానివి నువ్వే. బీదతనం గురించి రాస్తే చప్పట్లు పడతాయని నేర్చావు. మీ నాన్న కష్టాన్ని కూడా అందుకు వాడుకున్నావు.

ఇక్కడ మంగతాయారు కలం ఆపి, పోనిద్దురూ, చిన్నపిల్ల అంటోంది. ముప్పై ఏడేళ్ళ చిన్నపిల్ల. ఆ మాట కూడా రాయమన్నాను.

నాకింత కోపం ఎందుకో తెలియాలంటే బర్నబాసు సంగతి తెలియాలి. నీకంటే రెండేళ్ళు ముందు బ్యాచి, వేమూరు నుంచి సైకిలు మీద వచ్చేవాడు. కోతలకు పోయి హాజరు తగ్గించుకున్నాడు. తగ్గింది నాలుగు రోజులు. వాళ్ళమ్మ రిబ్కా స్టాఫ్‌రూము గుమ్మంలో పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కూర్చుంది. నాలుగు హాజరు గీతలేగా సారూ, గీసెయ్యండి అని బతిమాలింది. ఒకడికి గీస్తే అందరికీ గీయాలమ్మా అని పంపేశాను. వాడు మళ్ళీ బడి మెట్టెక్కలేదు. ఇప్పుడు బస్టాండు దగ్గర ఆటో నడుపుతున్నాడు. నేను కనిపిస్తే ఆటో ఆపి నమస్కారం పెడతాడు. ఆ నమస్కారం తీసుకోవడానికి నాకున్న ఆధారం ఒక్కటే, ఎవ్వరికీ గీయలేదన్న మాట. రేపు వాడి చేతిలో నీ వ్యాసం పడితే, కాలేషా కూతురికి గీశారు, నాకెందుకు గీయలేదండీ అంటే ఏ ముఖంతో నిలబడను? నువ్వు నాకు దండ వేశాననుకున్నావు. వాడి ముందు నన్ను దొంగను చేశావు.

కాబట్టి ఈ ఉత్తరం అందిన వారం లోపల మూడో పేజీ తీసేయమని నాగార్జునకు రాయి. రాసింది కల్పన అని, క్షమించమని నాకో ఉత్తరం సంతకంతో పంపు. లేదంటే ఉత్సవంలో నువ్వు వేదిక మీద ఉండగానే ఆ రిజిస్టరు పట్టుకొచ్చి అందరి ముందు చదివిస్తాను. నా పట్టుదల నీకు తెలుసు, తెలియకపోతే నీ బ్యాచి వాళ్ళను అడుగు.

ఇట్లు,
నీ పొగడ్త అక్కరలేని లెక్కల మాస్టారు,
సూర్యనారాయణ.

తా.క. అమ్మా సుల్తానా, ఇది మాస్టారు చెప్పింది కాదు. ఆయన సంతకం పెట్టి స్నానానికి లేచారు.

నువ్వు రాసింది అబద్ధం కాదని నాకు తెలుసు. ఆ చలికాలం జాకెట్టు కుట్టించుకోవడానికి మీ నాన్న కొట్టుకు మూడుసార్లు వచ్చాను. మూడుసార్లూ బడి వేళే. నువ్వు తల ఎత్తకుండా కాజాలు కుడుతున్నావు. రాని పిల్లల గడిలో మాస్టారు చుక్క పెట్టి వదిలేసేవారు, ఆలస్యంగా వస్తే గీత గీయవచ్చని. నెలాఖరుకు రిజిస్టరు ఇంటికి తెచ్చేవారు. మిగిలిన చుక్కల మీద ఎర్రసిరాతో ఆబ్సెంటు రాసి, కూడికలు వేయడం నా పని. ఆయన కింద సంతకం పెట్టేవారు. నీ చుక్కల మీద నేను నల్లసిరాతో గీతలు గీశాను. అన్నింటి మీదా కాదు, పరీక్షకు కావలసినన్ని. నీ తర్వాత ఇంకో ఏడుగురికి గీశాను. ఆయనకు ఈనాటికీ తెలియదు.

బర్నబాసు ఏడాది నేను పురిటికి రేపల్లెలో పుట్టింట్లో ఉన్నాను. ఆ నెలలు రిజిస్టరు ఆయనే పూర్తి చేసుకున్నారు. బిడ్డతో తిరిగొచ్చాక రిబ్కా సంగతి విన్నాను. అప్పటికి పరీక్షలైపోయాయి.

ఆయన అడిగినట్టు క్షమాపణ రాసి పంపమ్మా, నా కోసం. మూడో పేజీలో ఆయన పేరు తీసెయ్యి. అక్కడ నా పేరు మాత్రం పెట్టకు. పెడితే బర్నబాసు వచ్చి నన్ను అడుగుతాడు. ఎవ్వరికీ గీయలేదని ఆయనైనా చెప్పగలరు. నేను అది కూడా చెప్పలేను.

మంగతాయారు.