ముత్తవ్వ మెడ మీది లేసు

ప్వెబ్లా, 1957 అక్టోబరు 28

ఈ ఉదయం రోజూలాగే మొదలైంది. ప్రార్థన ముగించి, దాల్చినచెక్క వేసి కాఫీ కాచాను. కోళ్లకు మొక్కజొన్న చల్లాను. పోయినవాళ్ల పండుగ దగ్గరికొచ్చింది. ఏటా చేసినట్టే ముత్తవ్వ రెఫూహియో పటం దించి, సగం కోసిన బంగాళాదుంపతో తుడిచాను. పండుగ కొవ్వొత్తుల పొగంతా ఆమె మీదే పడుతుంది. 1871లో ఆ నూనెరంగుల బొమ్మ వేసింది ఆమె సొంత చెల్లెలు హొసెఫా. ఓర్పు అంటే మా ఇంట్లో ఈ ముత్తవ్వ పేరే చెబుతారు. నా చివరి చెల్లెలు ఎలోదియాకి పెళ్లయిన ఏడేళ్లుగా నేనూ దానికి అదే చెబుతున్నాను.

ఈసారి మసి వదల్లేదు. గుడ్డకి టర్పెంటైన్ అద్దాను. మెడ మీది లేసు కాలర్ రంగంతా గుడ్డకి వచ్చేసింది.

దాని కింద ఊదారంగులో నాలుగు వేళ్ల గుర్తులు. ఇటుపక్క బొటనవేలు.

అక్టోబరు 29

తమ్ముడు రోసెండో మండిపడ్డాడు. ఏం చేతులక్కా అవి, ఒక్క పూటలో బొమ్మని నాశనం చేశావు అన్నాడు. లేసు తర్వాతెవరో పూసిందిరా, ఇదే హొసెఫా వేసింది అన్నాను. అయితే మరీ సిగ్గుచేటు అన్నాడు. బంధువులు రాకముందే పెయింటర్‌ని పిలిచి లేసు మళ్లీ వేయిస్తాడట.

అక్టోబరు 30

ఎలోదియా వచ్చింది. ఎండలో మెడకి ఉన్ని శాలువా.

అక్టోబరు 31, మధ్యాహ్నం

ఎలోదియా బొమ్మని చాలాసేపు చూసింది. తర్వాత శాలువా తీసేసింది. అవే నాలుగు, అదే వైపు. ఎన్నాళ్లు ఓర్చుకోవాలో నువ్వే చెప్పు పెద్దక్కా, అంది.

అంతలో ఆమె మొగుడు అన్సెల్మో తీసుకుపోవడానికి వచ్చాడు. బంతిపూల మధ్య బొమ్మని చూసి నవ్వాడు. ఏం వదినగారూ, ముసలమ్మని నా మీద సాక్ష్యానికి నిలబెట్టారా అన్నాడు. పండుగ రొట్టె పక్కనున్న కత్తి తీసి బొమ్మ మెడకి అడ్డంగా కోశాడు. ఎలోదియా చెయ్యి అడ్డం పెట్టింది. అరచేయి ఎముకదాకా తెగింది. దాని జుట్టు పట్టుకుని తలని బల్లకేసి కొట్టాడు. రొట్టెలు నెత్తురులో పడ్డాయి.

ఇత్తడి కొవ్వొత్తి స్తంభం నా చేతికొచ్చింది. మొదటి దెబ్బ వాణ్ని ఆపడానికి. రెండోది ఎందుకో దేవుడికి చెప్పుకున్నాను.

వాడి దవడ విరిగింది. వాడి అన్నలు వచ్చి మోసుకుపోయారు.

నవంబరు 1

ఎలోదియా చేతికి పదకొండు కుట్లు. బొమ్మకి ఇంకా వేయలేదు.

నవంబరు 1, సాయంత్రం

అందరం కూర్చున్నాం. లేసు వేయించాలి, అన్సెల్మో లేవగానే ఎలోదియాని పంపాలి, అక్క క్షమాపణ చెప్పాలి అన్నాడు రోసెండో. డెబ్బై అయిదేళ్ల మేనత్త దొమింగ అంతసేపూ కళ్లు మూసుకునే ఉంది. ఆ లేసు మా అమ్మే పూయించింది, రంగు గిన్నె పట్టుకున్నది నేను అంది. నీ చెల్లెలికి ఎంత లేసు కావాలిరా, గజం చాలునా రెండు గజాలా అని అడిగింది.



పెయింటర్ రానక్కర్లేదని అందరం తేల్చాం. అన్సెల్మో కూడా రానక్కర్లేదని.